రెండున్నర కేజీల బ్రేకు

ఆ రోజు సఖినేటిపల్లి దగ్గర ఒక రొయ్యల చెరువు గట్టు మీద టేపు పట్టుకుని నడుస్తున్నాను. వెనక నుంచి చెరువు యజమాని కేకేశాడు.

"సత్యం గారూ, మీ చెప్పు ఇక్కడే ఉండిపోయిందండీ!"

చూసుకుంటే కుడి కాలికి చెప్పు లేదు. ఎప్పుడు జారిందో తెలియలేదు. కింద మట్టి చల్లగా ఉందో వేడిగా ఉందో కూడా ఆ పాదానికి తెలియడం లేదు. వారం కిందట విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఆ నీరసమే అయ్యుంటుందనుకుని చెప్పు తొడుక్కుని పని పూర్తిచేశాను.

నా పని మట్టి లెక్కలు. చెరువు తవ్వితే ఎంత మట్టి లేస్తుంది, ఆ మట్టితో ఎంత ఎత్తు గట్టు వేయవచ్చు, ఇది చెప్పడం. ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. పాత పుస్తకాలు ముందేసుకుని, తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్నాను. రెండు వేల మూడులో నాకు నలభై ఏడేళ్ళు. మలికిపురంలో ఇల్లు. అక్కణ్ణుంచి సైకిలు మీద ఏటిగట్టు వెంట తిరిగేవాణ్ణి. అవతల నరసాపురం వైపు చెరువులకు వెళ్ళాలంటే గట్టు మీంచి రేవులోకి దిగి, ఏరు దాటించే పంటు ఎక్కాలి. ఆ దిగుడు వాలు చివర గోదావరి.

మర్నాటికి రెండు పాదాలూ తిమ్మిరి. ఆ మర్నాటికి చొక్కా బొత్తాలు పెట్టుకోవడం చేతకాలేదు. రాజోలులో డాక్టరు గారు చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టి చూశారు. కాలు ఉలకలేదు, పలకలేదు.

"రిఫ్లెక్సెస్ లేవు. జీబీఎస్ అనే నరాల జబ్బు లాగుంది. ఇంటికి వెళ్ళి ఆలోచించుకునే జబ్బు కాదిది. ఇటు నుంచి ఇటే కాకినాడ వెళ్ళండి" అన్నారు.

కాకినాడ ఆసుపత్రిలో నరాల్లో కబురు ఎంత వేగంగా పోతుందో చూసే నెర్వ్ కండక్షన్ స్టడీ చేశారు. వెన్నులో సూది గుచ్చి లంబార్ పంక్చర్ చేశారు. న్యూరాలజిస్టు గారు రిపోర్టు చూసి, "సీఎస్ఎఫ్‌లో, అంటే వెన్నులోంచి తీసిన నీటిలో, ప్రొటీన్ పెరిగింది. జీబీఎస్సే. మీ ఒంట్లో రోగాన్ని ఎదిరించాల్సిన శక్తి పొరబడి మీ నరాల పై పొరనే తింటోంది" అని చెప్పారు. రక్తంలోకి ఎక్కించే ఐవీఐజీ అనే మందు మొదలుపెట్టారు. ఒంటి బరువును బట్టి డోసు కడతారు. ఆ గుణకారం నేనూ చేసి చూసుకున్నాను, సరిపోయింది.

వాళ్ళ భయం నా కాళ్ళ గురించి కాదు, ఊపిరి గురించి. డ్యూటీ డాక్టరు పూటపూటా వచ్చి, ఒక్క ఊపిరిలో అంకెలు ఎంతవరకు చెప్పగలనో చెప్పమనేవారు.

"ఒట్టి అంకెలెందుకండీ, పదిహేడో ఎక్కం చెబుతాను" అన్నాను.

మొదటి పూట ఎక్కం మొత్తం వచ్చింది. మర్నాడు పదిహేడు ఏడుల దగ్గర ఊపిరి చాలలేదు. మా ఆవిడ పక్కనే ఉంది. "నూట ముప్ఫై ఆరు నేను చెప్పేస్తానండి, మీరు ఊపిరి తీసుకోండి" అంది. డాక్టరు నవ్వలేదు. సాయంత్రం పదిహేడు నాలుగుల దగ్గరే ఆగిపోతే నన్ను ఐసీయూలోకి మార్చి, "వెంటిలేటర్ రెడీగా ఉంచండి" అని నర్సుతో చెప్పారు. ఆ మాట విన్నాక ప్రతి పూటా ఆ ఎక్కంతో కుస్తీ పట్టాను. అది మళ్ళీ ఒక్కొక్క మెట్టే పైకి వచ్చింది. వెంటిలేటర్ అవసరం పడలేదు.

ఇంటికి వచ్చాక నడక నెలల మీద తిరిగొచ్చింది. వేళ్ళు మాత్రం రాలేదు. అన్నం కలుపుకోగలను, తాళం తిప్పలేను.

"ఆక్సాన్లు, అంటే నరాల లోపలి తీగలు, కొన్ని దెబ్బతిన్నాయి. నరం రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అయినా పూర్తి గ్రిప్ రాకపోవచ్చు. సైకిల్ మానేయండి. బ్రేకు పట్టకపోతే ఏమవుతుంది?" అన్నారు న్యూరాలజిస్టు గారు.

"మరి పనికెలా వెళ్ళనండీ?"

"ఎవరి బండి వెనకాలైనా కూర్చోండి."

ఆయన నా మంచికే చెప్పారు. కానీ నేను కొలిచే చెరువు గట్ల మీద బండి పట్టదు. నన్ను వెనకాల కూర్చోబెట్టుకుని పొద్దంతా తిరిగే తీరిక ఎవరికుంటుంది? సైకిలు మానడమంటే నాకు పని మానడం. అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ళకు నా జబ్బు కథ చెప్పుకుంటూ బతకడం. నేను దానికి ఒప్పుకోలేదు.

దారి చూపింది అమలాపురంలో నాకు ఎక్సర్‌సైజులు చేయించే ఫిజియోథెరపిస్టు అమ్మాయి. నా గొడవంతా విని, "బ్రేక్ నొక్కడానికి ఎన్ని కేజీలు కావాలండీ?" అని అడిగింది. అన్నేళ్ళు లెక్కలు చేసినవాణ్ణి, నాకు ఆ ప్రశ్న తట్టలేదు. చేపల దుకాణంలో స్ప్రింగు కాటా అడిగి తెచ్చి, పాత సైకిలు బ్రేకు పిడికి తగిలించి లాగాను. సైకిలు ఆగడానికి తొమ్మిది కేజీలు కావాలి. నా కుడి చేతి వేళ్ళన్నీ కలిసి లాగితే నాలుగు.

ఈ తేడా గురించి మస్కట్‌లో ఉన్న మా బావమరిదికి ఫోనులో చెప్పాను. అతను ఒక కంపెనీలో డ్రైవరు.

"బావగారూ, ఇక్కడ దొరలు కొండల మీంచి సైకిళ్ళేసుకుని దూకేస్తారండి. ఒంటి వేలితో ఆపేస్తారు. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులంటండి. మా దొర దేశం వెళ్ళిపోతా తన సైకిలు నాకిచ్చేసేడు. పంపించీమంటారా?"

"పంపించు" అన్నాను.

సైకిలు దిగిన రోజు మా ఊళ్ళో సైకిలు షాపు వీర్రాజు దాని లావు టైర్ల చుట్టూ తిరిగి చూసి, "కొండ సైకిలంటున్నారు, మరి కొండేదండీ మనకి?" అన్నాడు.

"ఏటిగట్టు ఉందిగా" అన్నాను.

అందులో కిటుకు ఇదీ. పిడి దగ్గర సన్నని పిస్టన్, చక్రం దగ్గర లావు పిస్టన్లు, రెంటికీ మధ్య గొట్టంలో నూనె. సన్నని వైపు కొంచెం నొక్కితే, వైశాల్యం ఎన్ని రెట్లో అన్ని రెట్ల బలంతో లావు వైపు చక్రం పక్కనున్న ఇనుప పళ్ళేన్ని పట్టుకుంటుంది. అయితే కార్గోలో వచ్చేటప్పుడు నూనె కారిపోయింది. పిడి మీద మినరల్ ఆయిల్ అని రాసి ఉంది. బండ్లకు వాడే బ్రేకాయిలు పోస్తే లోపలి రబ్బరు పాడవుతుందని మా బావమరిది మరీ మరీ చెప్పాడు.

"ఆయిలు కోసం మస్కట్ దాకా ఎందుకండీ బాబూ, కొబ్బరినూనె లేదా మనకి? రోజూ మీ వేళ్ళకి రాస్తన్నదే కదండీ, రబ్బర్ని మాత్రం ఏం చేసేత్తది?" అన్నాడు వీర్రాజు.

నేను తొందరపడలేదు. రబ్బరు ముక్కను కొబ్బరినూనె గ్లాసులో వారం నానబెట్టి చూశాను. ఏమీ కాలేదు. ఆసుపత్రి నుంచి తెచ్చిన సిరంజితో, గాలి బుడగ లేకుండా గొట్టం నింపాం. కాటా తగిలించి లాగితే రెండున్నర కేజీలు! చూపుడు వేలొక్కటే చాలు. అది మండు వేసవి. ఆ వేసవీ, వానాకాలమూ ఆ సైకిలు మీదే తిరిగాను. పంటు దగ్గర టికెట్లిచ్చే పోతురాజు రోజూ ఒకటే మాట:

"గురువు గారూ, పంటు మీదకా అండీ, గోదాట్లోకా?"

డిసెంబరులో ఒక పొగమంచు ఉదయం బయల్దేరాను. బయల్దేరే ముందు బ్రేకులు నొక్కి చూశాను. బాగానే ఉన్నాయి. రాత్రి సైకిలు పొయ్యి ఉన్న వసారాలో ఉంది మరి. దారంతా చదును, బ్రేకుతో పనే పడలేదు. రేవు వాలులోకి దిగి నొక్కితే పిడి రాయిలా ఉంది. రెండోదీ అంతే. ఎదురుగా నీళ్ళు. పక్కనే ఉన్న కొబ్బరి పీచు డొక్కల గుట్టలోకి హ్యాండిలు తిప్పేశాను. కాలర్ బోన్ విరిగింది.

ఇంటికి చూడ్డానికి వచ్చిన వాళ్ళందరిదీ ఒకే తీర్పు. "వేళ్ళల్లో పట్టు లేదు పాపం, ఎంత చెప్పినా వినలేదు." ఎముకల డాక్టరు గారు, "ఇంక చాలు, మీ చెయ్యి మీకు చెప్పేసింది" అన్నారు. ఆ మాటకు విరిగిన ఎముక కంటే ఎక్కువ నొప్పి పుట్టింది. నా వేలు నొక్కింది. నొక్కిందని నాకు తెలుసు. నమ్మేవాళ్ళెవరు?

రెండు రోజుల తరువాత తెల్లవారాక, మా ఆవిడ వేళ్ళకు మాలిష్ చేద్దామని కొబ్బరినూనె సీసా తెచ్చింది. బోర్లిస్తే చుక్క రాలలేదు. "మాయదారి చలి, గడ్డకట్టేసింది" అంటూ వేడినీళ్ళలో పెట్టబోయింది. నాకు నవ్వు ఆగలేదు.

"ఎముకిరిగినోళ్ళు ఏడుస్తారు గానీ నవ్వుతారేంటండీ?"

"వీర్రాజుని పిలిపించు. ఎండెక్కకముందే రమ్మను."

వీర్రాజు వచ్చి, ఆ రోజు నుంచీ బయట చలిలోనే ఉన్న సైకిలు గొట్టం విప్పి పుల్లతో పొడిస్తే లోపలి నుంచి గడ్డకట్టిన నూనె తెల్లగా, సేమియాలా బయటికొచ్చింది. ప్రతి చలికాలం ప్రతి ఇంట్లో చూసేదే. గొట్టంలో ఉంటే మాకిద్దరికీ గుర్తుకు రాలేదు.

"ఎంత పని చేసేనండీ" అని తల పట్టుకున్నాడు వీర్రాజు.

"ఇద్దరం చేశాం. ముందు ఆ సేమియా మా ఆవిడకు చూపించు."

ఆమె చూసింది. వేలితో నలిపింది. తరువాత, "అయితే మీ చెయ్యి బానే ఉందన్నమాట" అంది. తనే మా బావమరిదికి ఫోను చేసి, అసలు ఆయిలు పంపమని చెప్పింది.

మరుసటి చలికాలం, అలాంటి పొగమంచులోనే అదే వాలు దిగాను. పైనే ఆగి బ్రేకులు నొక్కి చూసుకుని, ఒక్కొక్క వేలు పిడి మీద ఉంచి వదిలాను. పంటు చెక్కకు జానెడు ఇవతల ఆగాను. పోతురాజు టికెట్లు పట్టుకుని నోరు తెరిచాడు.

"ఆగేరే!"

"టికెట్టు కొట్టవయ్యా, ఎండెక్కుతోంది."

ఇప్పుడు నా కుడి చెయ్యి ఆరు కేజీలు లాగుతుంది. చిటికెన వేలికి ఇంకా స్పర్శ లేదు, రాదు. చెరువులు కొలుస్తూనే ఉన్నాను.

నాలాంటి జబ్బు పడి లేచినవాళ్ళకు ఒక్కటే చెబుతాను. "ఇక మీ వల్ల కాదు" అని ఎవరన్నా, ఎంత ప్రేమగా అన్నా, వెంటనే ఒప్పుకోకండి. ఆ పనికి ఎంత బలం కావాలో కొలవండి. మీ దగ్గర ఎంత ఉందో కొలవండి. తేడా తేలాక, దాన్ని పూడ్చే సాధనం ఉందేమో వెతకండి. కాటా లేదంటారా, చేపల దుకాణంలో అడిగితే ఇస్తారు. కడిగి తిరిగివ్వండి.