తాళం వేసింది నేనే

చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. నా ప్రాణమేమీ పోలేదు. ఇన్నేళ్లుగా వేళకు తింటున్నాను, నిద్రపోతున్నాను, ప్రొఫెసర్‌గారూ అని పిలిపించుకుంటున్నాను. కానీ ‘ఓపెన్ యాక్సెస్’ అన్న మాట వినబడితే చాలు, గుండె మీద ఏదో బరువు పడుతుంది. మా ఆవిడకు కూడా చెప్పని సంగతి ఇది. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

తమాషా ఏమిటంటే, కాలేజీలో ఆ మాట ఎత్తేది తరచూ నేనే. పరిశోధన పత్రాలు చందా కట్టినవాళ్లకే కాదు, అందరికీ ఉచితంగా దొరకాలని సెమినార్లలో ఉపన్యాసాలు దంచుతాను. జనం పన్నులతో చేసిన పని జనానికే కనబడకపోతే ఎలా అని నిలదీస్తాను. పిల్లలు చప్పట్లు కొడతారు. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. నాకు నా నలుపు బాగా తెలుసు.

అప్పట్లో మా ఊళ్లోనే, రేవు పక్కనున్న మల్కాపురం గాలిలోని ధూళి మీద పనిచేశాను. ఇళ్ల డాబాల మీద గాజు జాడీలు పెట్టి, ఏడాది పొడుగునా అందులో రాలిన ధూళిని తెచ్చి, అందులో బొగ్గు ఎంత ఉందో చూడడం. ఒక జాడీ రూతమ్మగారి డాబా మీద పెట్టాను. ఆవిడ ఇంట్లోనే మిషను మీద బట్టలు కుట్టేది. కూతురికి ఆయాసం. ఆ పిల్ల పుస్తకాలతో పాటు ఇన్‌హేలర్ కూడా సంచిలో పెట్టుకుని బడికెళ్లేది. తడిబట్టల నీళ్లు జాడీలో పడకుండా రూతమ్మగారు బట్టలారేసే తాడు రెండో వైపుకి మార్చుకుంది. క్రిస్మస్‌కి నక్షత్రం కట్టే ముందు, ఎటువైపు కడితే జాడీకి అడ్డు రాదో నాకు ఫోన్ చేసి మరీ అడిగింది.

ఫలితం తేటతెల్లంగా ఉంది. పక్కనున్న ప్రైవేటు యార్డులో బొగ్గు ఎక్కువగా దించిన నెలల్లో ఆ డాబాల మీద బొగ్గు ధూళి ఎక్కువ పడింది. పేరున్న పత్రిక ఒకటి మా పేపరు వేసుకుంటామంది. అందరికీ తెరిచి ఉంచాలంటే రుసుము మేమే కట్టాలి, లేకపోతే చదివేవాడు కొనుక్కోవాలి. ఆ రుసుము నాకు కొన్ని నెలల జీతం. కట్టలేకపోయాను. అంతవరకు నా తప్పు లేదు. చదివేవాడికి తలుపు తీసి, రాసేవాడి ముందు మూయడం ఈ పద్ధతిలో ఉన్న చిక్కు. సెమినార్లో ఈ ముక్క కూడా చెబుతాను.

చెప్పని ముక్క ఇంకొకటుంది. మేం టైపు చేసుకున్న ప్రతిని పైసా ఖర్చు లేకుండా కాలేజీ వెబ్‌సైట్లో పెట్టుకోవచ్చనీ, అడిగినవాళ్లకు ఇవ్వొచ్చనీ ఆ పత్రికే రాసింది. చదివాను. పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదు? ఆ యార్డువాళ్లు మా డిపార్ట్‌మెంటు ల్యాబుకి ఖరీదైన యంత్రం ఒకటి కొనిస్తామన్నారు. నన్నెవరూ బెదిరించలేదు. పేపరు దాచమని ఒక్కరూ అనలేదు. నా ప్రమోషన్‌కి కావలసింది పత్రిక పేరు, అది దక్కింది. ఇక ఆ పేపరు ఈ ఊళ్లో ఎవరి కంటా పడకపోతేనే నాకు హాయి. ఎవరూ భయపెట్టకుండానే భయపడేవాణ్ణి ఏమనాలి? అప్పుడు మాత్రం దాన్ని ముందుచూపు అనుకున్నాను.

యార్డు పెంచుతారని, జనాభిప్రాయం వినడానికి అధికారులు సభ పెడుతున్నారని తెలిసింది. రూతమ్మగారు మా కాలేజీకి వచ్చింది.

“మా డాబా మీద జాడీ సంగతి రాసేరు కదా సార్. ఆ పేపరు ఓ కాపీ ఇత్తారా? మీటింగులో సూపిత్తాను.”

“ఇవ్వడానికి లేదమ్మా. హక్కులన్నీ పత్రికవాళ్లవి.”

“నాకు ఇంగ్లీసు రాదనుకోండి. ఆళ్లకొచ్చు గదా.”

“ఇచ్చానని తెలిస్తే నా మీద కేసు పెడతారు.”

ఆవిడ మొహం మారిపోయింది. “అయ్యో, అలాగైతే వద్దు సార్. మీ ఉద్యోగం మీదకొత్తే ఏటి సేత్తారు?”

అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకు అంతవరకు తెలియదు.

సభకి కాలేజీ తరఫున నేనూ వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. రూతమ్మగారు మైకు అందుకుంది. మా డాబాల మీద ఏడాది పాటు ధూళి పట్టి ఒక సారు పేపరు రాశారని చెప్పింది. ఏదీ ఆ పేపరు అన్నారు వేదిక మీద అధికారి. లేదంది. పోనీ ఆ సారెవరమ్మా అన్నారు. ఆవిడ చూపు హాలంతా తిరిగి నా మీద ఆగింది. నేను తల వంచుకుని చెప్పులు చూసుకున్నాను. “పేరు గుర్తు లేదండి,” అని ఆవిడ కూర్చుండిపోయింది. ఎవరో నవ్వారు. తేలు కుట్టిన దొంగలా నేను కదలకుండా ఉన్నాను.

ఆ జాడీ మీద నా పేరు, ఫోన్ నంబరు ఏడాదంతా అతికించి ఉన్నాయి. ఆవిడ మర్చిపోలేదు. నన్ను కాపాడింది. దేన్నించి? లేని కేసు నుంచి. కూతురి కోసం లేచి నిలబడిన మనిషి నా కోసం కూర్చుంది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి.

యార్డు పెరిగింది. యంత్రమూ వచ్చింది. దాని ముందే నిలబడి పిల్లలకి పాఠాలు చెబుతున్నాను.

పోయిన నెల ఆ టైపు ప్రతిని వెబ్‌సైట్లో పెట్టాను. టీ చల్లారేలోగా అయిపోయిన పని. రూతమ్మగారికి ఫోన్ చేసి, ఆ పేపరు ఇప్పుడు ఎవరైనా చదవొచ్చమ్మా అన్నాను. అటువైపు కుట్టుమిషను చప్పుడు ఆగింది. ఆవిడ మెల్లగా అడిగింది.

“ఇప్పుడు మీకేటీ కేసవ్వదు కదా సార్?”

అవ్వదమ్మా అన్నాను. అప్పుడూ అయ్యేది కాదు అనాలి. అనకుండానే ఫోన్ పెట్టేశాను. ఆవిడకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఏ కేసూ లేదు. ఏ పత్రికా నన్ను ఆపలేదు. తాళం వేసింది నేనే.

ఇది రాశాక నాకు కాస్త ఊపిరాడుతోంది. ఆ పిల్లకెలా ఉందో మాత్రం ఆ ఫోన్లో కూడా నేను అడగలేదు.