ఏడుంపావు నవ్వు

బ్రానిమిర్ మా మేడలోనే మూడో అంతస్తులో ఉంటాడు. రెండేళ్ల వయసులో జ్వరం వచ్చి ఆయనకు వినికిడి పోయింది. ఆ సంగతి చెప్పాల్సి వస్తే ఒక్క సైగతో ముగించేస్తాడు, ట్రామ్ తప్పిపోయిందని చెప్పినట్టు. గవ్రో గురించి అడిగితే మాత్రం చేతులు అలిసేదాకా చెబుతాడు.

గవ్రో ఒక కాకి, కార్టూన్ బొమ్మ. గొడుగులు బాగుచేస్తుంది. యాభై ఏళ్లలో ఒక్కసారి కూడా కా అనలేదు. ఆ రోజుల్లో మా జాగ్రెబ్ నగరంలో తీసిన బొమ్మలు చాలావాటిలో మాటలుండేవి కావు. వాన, ఈదురుగాలి, విరిగిన గొడుగు, పది నిమిషాల గందరగోళం. ఆదివారం సాయంత్రం ఏడుంపావుకి, వార్తలకు ముందు వచ్చేది.

బ్రానిమిర్‌కి తొమ్మిదేళ్లప్పుడు మేడ మొత్తానికి ఒకటే టీవీ, కింది వాటాలో ష్టెఫిత్సా అనే ఆవిడ వంటింట్లో. తడిసిన బూట్లు గుమ్మం దగ్గర వదిలి పదకొండు మంది అక్కడ చేరేవాళ్లు. పన్నెండోవాడు తను. అప్పటిదాకా నవ్వంటే ఆయనకు ఇతరుల ముఖాల్లో కనిపించేది. రేడియో దగ్గర అందరూ నవ్వేవాళ్లు. ఎందుకని అడిగితే తల్లి చెయ్యి గాలిలో ముందుకు తిప్పేది. తర్వాత చెప్తానని. ఆ తర్వాత ఇంట్లో భోజనాల బల్ల దగ్గరా అదే సైగ, పెళ్లిళ్లలో అదే సైగ. ఆ ‘తర్వాత’ల్లో చాలావరకు రానేలేదు. గవ్రో ముందు మాత్రం అలా కాదు. గొడుగు తిరగబడి కాకిని పైకెత్తుకుపోయిన క్షణానే పదకొండు మందీ నవ్వారు, ఆయనా నవ్వాడు. పక్కనున్న మేనమామ భుజం తన భుజాన్ని కుదిపింది. రెండు భుజాలూ ఒకేసారి కదిలాయని ఇప్పటికీ చూపిస్తాడు.

అచ్చుయంత్రాల మధ్య ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాడు. ఆ చప్పుడుకి తోటివాళ్ల చెవులు ఒక్కొక్కటే మొద్దుబారుతుంటే, రండ్రా రండి, ఆలస్యంగానైనా నా దగ్గరికే వస్తున్నారు అని ఆటపట్టించేవాడు.

కూతురు మీర్తా ఆదివారాల్లో తన ఆరేళ్ల పాప నేవాను ఆయన దగ్గర వదులుతుంది. తాతా మనవరాలూ పాత గవ్రోలు పెట్టుకుంటారు. కళ్లు తెర మీదే ఉంచి, ఒకే చోట నవ్వుతారు. నేవా సైగలు వేగంగా చేస్తుంది, సగం తప్పులతో. ఇంతవరకు తాతకు ఆ చెయ్యి తిప్పే సైగ చెయ్యలేదు. చెయ్యాల్సిన అవసరం రాలేదు.

ఈ వసంతంలో కబురొచ్చింది, కొత్త గవ్రో వస్తోంది, మాట్లాడుతుంది అని.

ఊరు రెండుగా చీలింది అనలేను. ఒకటే వైపు ఉంది, అది అరిచింది. ముక్కు రంగు మారిందని కొందరు, వాన చినుకులు సన్నబడ్డాయని కొందరు సంతకాలు సేకరించారు. అందరికంటే ముందు క్రెషో. ట్రామ్ నడుపుతాడు, మోచేతి మీద గవ్రో పచ్చబొట్టు. ఒకరోజు మెట్లెక్కి వచ్చి గంట నొక్కాడు. బ్రానిమిర్ ఇంట్లో గంటకు బదులు దీపం వెలిగి ఆరింది. మీర్తా తలుపు తీసి, వాళ్లిద్దరి మధ్య కూర్చుని సైగలు చేసింది.

మీలాంటివాళ్ల కోసమే ఈ పోరాటం, కొత్త గవ్రో తీసేవాళ్లతో జరిగే సభలో మీరు నిలబడితే చాలన్నాడు క్రెషో.

“నాలాంటివాళ్లు గుర్తొచ్చింది ఎప్పుడు? నీ కాకి నోరు తెరిచాకేనా?” అన్నాడు బ్రానిమిర్.

క్రెషో మెడ దాకా ఎర్రబడ్డాడు. “నిజమే బ్రానో అన్నా. నాక్కావాల్సింది మా అమ్మ చేసిన జున్నుచుట్టలు తింటూ చూసిన గవ్రో. ఆవిడ్ని తేలేను కదా, కనీసం కాకినైనా ఉండనీ అని.”

ఆ మాటకి బ్రానిమిర్ వస్తానన్నాడు.

ఆ వారమంతా ఆయన ఒక చోట నిలవలేదు. అచ్చుపనివాడి అలవాటు, చేతికందిన కాగితాలన్నీ బల్లకు తట్టి అంచులు సరిచేసేవాడు. ఉత్తరాలు, కాగితపు రుమాళ్లు, నేవా బొమ్మలు, మళ్లీ ఉత్తరాలు. ట్రామ్ ఆగే చోటు దాకా వెళ్లి, ట్రామ్ ఎక్కకుండా తిరిగొచ్చేవాడు. 

సభలో దర్శకురాలు ఓపికగానే విన్నది. పిల్లలు ఇప్పుడు మాటల్లేని బొమ్మని రెండు నిమిషాలు కూడా చూడటం లేదని చెప్పింది. వినలేని వాళ్లకు మాటలు తెర కింద అక్షరాల్లో వస్తాయని, ఆ సంగతి తాము మొదటే ఆలోచించామని కూడా చెప్పింది. చెప్పి బ్రానిమిర్ వైపు చూసి నవ్వింది.

ఆయన లేచాడు. సైగలకు మీర్తా గొంతిచ్చింది.

“అక్షరాలు ఎప్పుడొస్తాయి? కాకి మాట్లాడకముందా, మాట్లాడాకా?”

చదివే వ్యవధి కోసం కొంచెం ముందే వస్తాయంది దర్శకురాలు.

“అయితే నేను ముందే నవ్వేస్తాను. ఒక్కణ్ణే.”

ఆమె ఆ మాట రాసుకుంది. వెనక నుంచి క్రెషో బృందం చప్పట్లు కొట్టి, గవ్రో నోరు మూయాలి అని రాసిన పెద్ద గుడ్డ పట్టుకుని లేచింది. బ్రానిమిర్ కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. ఈ అరుపులు తన కోసం కావని ఆయనకు వినకుండానే తెలిసింది.

కొత్త గవ్రో సెప్టెంబరులో మొదలైంది, ఏడుంపావుకే. మీర్తా ప్లమ్ పళ్లు పెట్టిన పిండి ఉండలు ఉడికించి, వాటి మీద వేయించిన రొట్టెపొడి చల్లి తెచ్చింది. నన్నూ పిలిచారు.

కాకి గొడుగు విప్పింది. కింద అక్షరాలు వెలిగాయి. బ్రానిమిర్ చదివి పకపకా నవ్వాడు. నేవా చిరాగ్గా చూసింది. రెండు క్షణాల తర్వాత కాకి ఆ మాట అంది. నేవా నవ్వలేదు.

“తాతా, నువ్వు ముందే చెప్పేస్తున్నావు” అంది చేతులతో.

ఆయన అక్షరాలు ఆపేశాడు. తెర మీద ముక్కు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. మోకాలు ఆడిస్తూ కాసేపు చూశాడు. తర్వాత కుర్చీని కొంచెం పక్కకి జరిపాడు. ఇంకొంచెం జరిపాడు. ఇప్పుడు ఆయనకు ఎదురుగా ఉన్నది టీవీ కాదు, పాప ముఖం. బుగ్గ కదలగానే ఆయన నవ్వాడు. మళ్లీ కదిలింది, మళ్లీ నవ్వాడు. ఈసారి ఇద్దరి నవ్వూ ఒకేసారి వచ్చింది. నేవా హాయిగా ఆయన భుజానికి ఆనుకుంది.

మీర్తా అది చూసి గిన్నెలోకి తల వంచింది.

బొమ్మ అయిపోతుండగా నేవా తలెత్తి సైగలతో అడిగింది. “తాతా, గవ్రో అన్న దాంట్లో నీకు ఏది బాగా నచ్చింది?”

బ్రానిమిర్ చేతులు లేచి గాలిలో ఆగాయి. నా వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. ఒక చెయ్యి దించేశాడు. రెండోదాన్ని నెమ్మదిగా ముందుకు తిప్పాడు.

తర్వాత చెప్తాను.