రవణమ్మక్క కాచిన చేను

మొన్న నారు పీకుతుంటే తడిమట్టి వాసన తగిలి రవణమ్మక్క గుర్తొచ్చింది. వాకాడు దగ్గర మా ఊళ్ళో ఆమెది మా పక్కిల్లు. సొంత భూమి లేదు. కౌలు సేద్యమే బతుకు. నా భర్త చనిపోయాక నేను ఇంటిపనికి కువైట్ వెళ్తూ, నా పేరిట ఉన్న ఎకరం చేనును ఆమె చేతిలో పెట్టాను. కాగితం రాసుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

ఏళ్ళు గడిచాయి. ఊళ్ళో భూములు మళ్ళీ కొలుస్తారని తెలిసి మా మరిది ఆమె దగ్గరికి వచ్చాడట. నేనిక తిరిగిరానని, ఆ మాటే సర్వేయరుకూ చెప్పి చేను తన పేర రాయించుకోవడానికి సాయపడితే అందులో సగం ఆమెకే ఇస్తానని అన్నాడట. మర్నాడు సర్వేయరు వచ్చి భూమి ఎవరిదని అడిగితే, అక్క అందరి ముందూ నాకు వీడియో కాల్ చేయించింది. ఎవరిదో వంటింట్లో గిన్నెలు తోముతున్న నాకు ఫోనులో నా చేను, తల తిప్పుకుని నిలబడ్డ మా మరిది కనిపించారు.

“ఇదో సార్, చేను గల్లామె. నేను సేద్యం చేసేదాన్నే,” అంది అక్క.

చేను నా పేరనే నిలిచింది. ఆ కోపంతో మా మరిది తన పొలం మీదుగా వచ్చే కాలవ నీళ్ళు ఆపేశాడు. ఆ ఏటి పైరు సగం ఎండిపోయింది. ఆ సంగతి అక్క నాకు చెప్పనే లేదు. తిరిగివచ్చిన రోజే నేను చేలోకి దిగాను. జరిగిందంతా అక్కడి కూలీల నోట విన్నాను. సగం చేను తీసుకోమని అక్కను బతిమాలాను. ఆమె గట్టు మీద కూర్చుంది.

“నా చిన్నప్పుడు మేం రంగూన్ నుంచి తిరిగొచ్చేసరికి, మా చేలో వేరేవాళ్ళు నాట్లేస్తా ఉండారు. మా నాయన గట్టు మిందనే నిలబడిపోయినాడు. దిగేదానికి లేకపాయె. నేను ఆయన చెయ్యి పట్టుకోనుండా. నువ్వు రాంగానే దిగినావు. నాకది చాలు మే.”

చివరకు బతికినన్నాళ్ళూ కౌలు లేకుండా సగం చేను చేసుకోవడానికి ఒప్పుకుంది. అదీ మా చర్చి అయ్యగారు నచ్చజెబితేనే.

అక్క పోయింది. ఇప్పుడు మా పక్క చేను గల మేరీ కువైట్‌లో పనికి ఉంది. ఆమె చేను నేను చేస్తున్నాను. ఫోను చేసినప్పుడు ఆమె ఇక్కడున్న తన పిల్లల మాట ఎత్తేలోగానే, “నీ చేలో నాట్లు పడినాయి మేరీ,” అంటాను.