గద్వాల కల్లంలో మా బగ్గీ, అందులో అత్తమ్మ ఆముదం

ఈ ప్రయాణానికి కారణం మా ఆవిడ పద్మ పెట్టిన షరతు. గద్వాల పోటీలో మా రిమోట్ కారు ఈసారైనా చివరి చుట్టు దాకా తిరగాలి, లేదా దాన్ని అమ్మేయాలి. కోపం కొద్దీ అన్న మాట కాదు. కారు విప్పి బిగించేది నేనైనా పోటీలో నడిపేది తను. ప్రతిసారీ అది మధ్యలో మొరాయిస్తే నలుగురిలో తల దించుకున్నదీ తనే. అమ్మితే కొంటానని గద్వాల ఈరన్న ముందే మాటిచ్చి ఉన్నాడు. ఆయనది మోటారు సైకిళ్ల స్పేర్‌పార్ట్స్ దుకాణం, పోటీల్లో మాకు గట్టి ప్రత్యర్థి. నాకేమో ఆ పాత కారంటే, మా ఆటవాళ్ల భాషలో బగ్గీ అంటే, పంచప్రాణాలు. అయినా ఒప్పుకున్నాను, ఏం చేస్తాను!

శనివారం మధ్యాహ్నం నాగర్‌కర్నూల్‌లో వనపర్తి బస్సెక్కాం. బిజినేపల్లి మీదుగా గంటన్నర లోపే చేరుస్తుంది. పద్మకు టికెట్ లేదు, నా ఒక్కడికి వంద నోటిస్తే చిల్లర బాగానే మిగిలింది. నా ఒళ్లో అట్టపెట్టె చూసి కండక్టర్ ఆగాడు. "ఏముందన్నా అండ్ల, కోడిపిల్లలా?" పద్మ మూత తీసి కారు చూపించింది. "పెద్దోళ్లు గూడ ఆడుకుంటరా గీటితోని?" అని ఆయన నవ్వాడు. "ఆడుకునేది నేను, పరేషాన్ అయ్యేది ఈయన" అంది పద్మ.

ఆ పరేషానంతా డిఫరెన్షియల్ గురించే. కారు మూల తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలిది తక్కువ దూరం తిరగాలి. రెండు వెనుక చక్రాల మధ్య ఉండే ఈ చిన్న డబ్బా ఆ తేడాను సర్దుతుంది. కొత్తగా కొనేవాళ్లకు నా మాట ఒకటే: సన్న గోళీలతో నడిచే రకం నున్నటి ట్రాకుల మీద బాగుంటుంది గానీ, మన పాలమూరు దుమ్ములో దాని సేవ చేయలేం. లోపల పళ్లచక్రాలుండి, చిక్కటి సిలికాన్ ఆయిల్ పోసే రకమే తీసుకోండి. ఆయిల్ మరీ పల్చనైతే బలమంతా తేలికగా తిరిగే చక్రానికే పోతుంది, రెండోది ఊరికే ఉంటుంది. ఇంత తెలిసిన నేను సంచిలో ఆయిల్ సీసా మూత సరిగా బిగించలేదు. వనపర్తిలో అత్తగారింటికి చేరి చూస్తే సీసా ఖాళీ, నా చొక్కాలన్నీ జిడ్డు.

డిఫరెన్షియల్ విప్పి ముందు పెట్టుకుని దిగాలుగా కూర్చుంటే అత్తమ్మ వచ్చింది.

"ఏంది కొడుకా, గట్ల కూసున్నవ్?"

"ఆయిల్ కారిపోయింది అత్తమ్మా. ఇది హైదరాబాద్‌లో తప్ప దొరకదు."

"గింత దానికేనా? ఎడ్లబండి ఇరుసుకు మేం ఆముదమే పోసేటోళ్లం. ఇంట్ల గానుగది ఉంది, తెస్త ఆగు."

చూస్తే చిక్కగా, బంగారు రంగులో ఉంది. నాకూ ఆశ పుట్టింది. "జర ఎక్కువనే పొయ్యి, తక్కువైతే ఇరుసు అరుస్తది" అని దగ్గరుండి అంచుదాకా పోయించింది. సాయంత్రం చల్లగాలికి వాకిట్లో తిప్పితే బగ్గీ చెప్పినట్టు విన్నది. పద్మ వాళ్లమ్మ భుజం మీద చెయ్యేసి నిలబడింది. ఆ పూట జొన్నరొట్టె, పుంటికూర పప్పు కడుపునిండా తిన్నాను.

ఆదివారం పొద్దున్నే బస్సులో పెబ్బేరు, బీచుపల్లి వంతెన దాటి ఎర్రవల్లి చౌరస్తాలో దిగాం. అక్కడ ఉగ్గాని, బజ్జీ తిని గద్వాల బస్సు పట్టుకున్నాం. పోటీ ఊరి బయట, ఈరన్న వాళ్ల వేరుశనగ కల్లంలో. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల మూడూ కలిపి వచ్చేది గుప్పెడు మందే. రెండు రౌండ్లు, ఒక మూలన కావాలనే పోసిన ఇసుక. ఇసుకలో ఇరుక్కున్న కారును చేత్తో ముట్టుకోకూడదన్నది మా వాళ్ల నియమం. తనంతట బయటపడాలి, లేదా ఆ రౌండ్ పోయినట్టే.

మొదటి రౌండ్ మొదలయ్యేసరికి ఎండ నెత్తికెక్కింది. మా బగ్గీ ఇసుకలోకి పోయి, లోపలి చక్రం ఒక్కటే గిర్రున తిరిగి, అక్కడే ఆగిపోయింది. పద్మ రిమోట్ నా చేతిలో పెట్టి నీడకు పోయింది. ఆ నడక చూస్తే నాకు కారు కంటే తన మీదే ఎక్కువ బాధేసింది.

ఈరన్న వచ్చి వెనుక చక్రాన్ని వేలితో తిప్పి చూశాడు. "ఏం పోసినవన్నా లోపట? నీళ్ల లెక్క తిరుగుతున్నది."

చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వాడు. ఆముదం ఎండకు పల్చబడింది. అంచుదాకా పోయడంతో వేడికి పొంగి డబ్బా రబ్బరు సీలులోంచి సగం బయటికే వచ్చేసింది. ఈరన్న తన పెట్టెలోంచి సిలికాన్ ఆయిల్ సీసా తీశాడు. "గిది పొయ్యి. జాగా ఇడిసిపెట్టి పొయ్యి."

"ఇది ఆగిపోతే కారు నీదే గదా ఈరన్నా."

"గిట్ల వస్తే నాకేం మజా? పొయ్యన్నా, టైం లేదు."

ఆముదం శుభ్రంగా తుడిచి, ఆయిల్ పోసి బిగించాను. రెండో రౌండ్‌లో మళ్లీ రిమోట్ పట్టిన పద్మ కళ్లార్పలేదు. బగ్గీ ప్రతి చుట్టులోనూ ఇసుకలో కొంచెం తడబడింది, కానీ రెండు చక్రాలూ పట్టి బయటికి లాగాయి. చివరి చుట్టు కూడా దాటింది. మూడో స్థానం. పద్మ రిమోట్ గుండెకు హత్తుకుని ఏడ్చేసింది. నా కళ్లూ తడిశాయి, దుమ్మని చెప్పాను.

అప్పుడు చూశాను. ఇసుకలో ఇంకో కారు ఇరుక్కుని ఉంది. ఈరన్నది. ఆయన కారుకు సీలు అరిగిందట, రౌండ్ రౌండ్‌కూ ఆయిల్ పోస్తే గానీ నడవదట. ఉన్న ఒక్క సీసాలో మిగిలిందంతా మాకిచ్చాడు.

"ఎందుకిచ్చినవ్ తమ్మీ?" అంది పద్మ.

ఈరన్న కారుకంటిన ఇసుక దులుపుతూ అన్నాడు. "నీ కారు గూడ నా ఇంట్లనే ఉంటే నేనెవరితోని ఆడాలె వదినా?"

తిరుగు ప్రయాణంలో కృష్ణ దాటుతుంటే పద్మ పెట్టెను తన ఒళ్లోనే పెట్టుకుంది. మా ఆటకు పేరు లేదు, కప్పులు లేవు, చూసే జనం లేరు. ఉన్నదల్లా ఆదివారం పని మానుకుని వచ్చే ఆ కొద్దిమంది. వాళ్లలో ఒకరు తగ్గితే ఆ కల్లం మళ్లీ వేరుశనగకే మిగులుతుంది. మీరూ గద్వాల వైపు పోటీకి బయల్దేరేటట్టయితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. డిఫరెన్షియల్ నిండా పోయకండి, వేడికి పొంగడానికి పైన కాస్త జాగా వదలండి. ఆయిల్ మాత్రం రెండు సీసాలు తీసుకెళ్లండి. ఒకటి మీకు, ఇంకొకటి మీతో పోటీ పడేవాళ్లకు.