అక్కకు రావలసిన చాకు

మా అక్క ముప్పై నాలుగేళ్ళు పుస్తకాల బైండింగు షాపులో పనిచేసింది. ఆఖరి రోజున ఆ షాపువాళ్ళు ఆమెను సాగనంపిన తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అయితే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. ఈ అన్యాయం మొదలైంది అక్కడే, అందులో నా వాటా కూడా తక్కువేం కాదు.

అప్పుడు నాకు ఆరేళ్ళు, అక్కకు తొమ్మిది. ఊళ్ళు తిరిగే ఉద్యోగం చేసే మా మామయ్య ఒకసారి వస్తూ నాకు మడత చాకు తెచ్చాడు. ఎర్రటి పిడి, దానికి చిన్న చిన్న ఇత్తడి మేకులు. గోటితో లాగితే టక్కుమని తెరుచుకునేది. అక్కకేమో రిబ్బను. ముక్కు తుడుచుకోవడం రాని వెధవకి చాకు, తన పుస్తకాలకి తనే అట్టలు వేసుకునే పిల్లకి రిబ్బను!

"నాకేది మామయ్యా చాకు?" అని అడిగింది అక్క.

"నీకెందుకే? వంటింటి నిండా కత్తులేగా," అన్నాడు మామయ్య. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చాకు నా జేబులో ఉండేదన్న మాటే గాని, బట్టలుతికే బండ మీద నూరి దానికి పదునంటూ తెచ్చింది అక్కే. ఊరికే ఇచ్చానా? నా లెక్కలు పది చేసిపెడితే ఒక సాయంత్రం చాకు ఆమెది. పాపం, చేసేది. ఆమె పెన్సిలు చెక్కితే పొట్టు తెగకుండా చుట్టలు చుట్టలుగా ఊడి వచ్చేది. నేను చెక్కితే ములుకు విరిగేది.

ఒకరోజు అమ్మ ఆమె పుస్తకాల సంచిలో చాకు చూసింది. "తమ్ముడి వస్తువు దొంగిలిస్తావా?" అని వీపు విమానం మోత మోగించింది. అక్క నా వైపు చూసింది. నేనే ఇచ్చానని ఒక్క మాట అంటే సరిపోయేది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ తరవాత ఆమె ఆ చాకు ముట్టుకోలేదు, నా లెక్కలూ చెయ్యలేదు.

బైండింగు షాపులో ఒక ఆనవాయితీ ఉంది. పనిలోంచి దిగిపోయేవాళ్ళకి షాపు పేరు చెక్కిన మడత చాకు ఇస్తారు. మొద్దు చాకు ఇవ్వడం మనిషిని అవమానించినట్టట. అందుకని ముందురోజు సానరాయి మీద పదును పెట్టించి, కాగితం గాల్లో పట్టుకుని కోసి చూస్తారు. ముప్పై ఏళ్ళుగా ఆ పని అక్కదే. "నా వంతు వచ్చినప్పుడు నాది నేనే నూరుకోవాలిరా," అని నవ్వేది. ఆ రోజు కోసం ఆమె ఎంతగా ఎదురుచూస్తోందో నాకు తెలుసు.

అక్కా, కటింగు మిషను మాస్టరూ ఒకే రోజు దిగిపోవాల్సి వచ్చింది. ముందురోజు ఆమె బల్ల మీదకి ఒక్క చాకే వచ్చింది. రెండోది వస్తుందని గంట కొట్టేదాకా రాయి తడిగా ఉంచుకుని కూర్చుంది. "నాకు తెలియకుండా ఇద్దామని దాచి ఉంటారు," అంది ఇంటికొచ్చి.

మర్నాడు సభకి నన్నూ పిలిచారు. మాస్టరుకి చాకు ఇచ్చారు. అక్కకి రంగు కాగితం చుట్టిన పెద్ద పెట్టె ఇచ్చారు. గిన్నెల సెట్టు! "మన షాపులో ఆఖరిదాకా నిలిచిన ఆడమనిషి ఈమె ఒక్కరే. చాకుదేముంది, వంటింట్లో ఉండనే ఉంటుంది. అందుకని బాగా ఆలోచించి ఇది తెచ్చాం," అన్నాడు మేనేజరు. చప్పట్లు కొట్టారు. మామయ్య పోయి పాతికేళ్ళయింది, ఆయన మాట మాత్రం చావలేదు. బతుకంతా కత్తి పట్టుకుని వీళ్ళ పని చేసిన మనిషికి చాకెందుకట! నాకు ఒళ్ళు మండిపోయింది. మండి ఏం లాభం, మళ్ళీ కిక్కురుమనకుండా కూర్చున్నాను.

ఇంటికొచ్చాక నా ఎర్రపిడి చాకు తెచ్చి ఆమె ముందు పెట్టాను. "తీసుకో అక్కా. నేనే ఇచ్చానని ఆ రోజే అమ్మకి చెప్పాల్సింది."

అక్క దాన్ని తెరిచి బొటనవేలి గోటి మీద ఆనించి చూసింది. "మొద్దుబారిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నూరలేదా?" అని మడిచి నా చేతిలో పెట్టేసింది. "ఇది నీదిరా. నాకు నాది కావాలి."

తెల్లారి గిన్నెల పెట్టె నేను ఎత్తుకున్నాను. ఆమె ముందు నడిచింది, షాపుకి.

"చాకులు బజార్లో ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి కదమ్మా," అన్నాడు మేనేజరు.

"కొనుక్కోవడం చేతకాక రాలేదండీ. అది మీరివ్వాల్సింది."

"ఇస్తారా, ఇవ్వరా? అది చెప్పండి," అన్నాను నేను. గిన్నెల పెట్టె ఆయన ముందు పెట్టాను. ఆయన బీరువా తెరిచి ఒక చాకు తీసి ఇచ్చాడు. అక్క గోటి మీద చూసి, తిరిగి బల్ల మీద పెట్టింది.

"పదును లేదండీ. మొద్దుది ఇవ్వకూడదు కదా."

మేనేజరు పనివాళ్ళ వైపు చూశాడు. అక్క ఉంది కదా అని ఒక్కడూ ఆ పని నేర్చుకోలేదు.

"మీరే పెట్టేసుకోండమ్మా. మీకంటే బాగా ఎవరు పెడతారు?"

"నిన్నటితో నేను దిగిపోయానండీ," అని అక్క కుర్చీ లాక్కుని సానరాయి ఎదురుగా కూర్చుంది. "ఎవరో ఒకరు కానివ్వండి. నాకేం తొందర లేదు."

చివరికి మేనేజరే చొక్కా చేతులు మడుచుకుని రాయి మీద నీళ్ళు చల్లాడు. మధ్యాహ్నానికి మూడు కాగితాలు చిరిగాయి గాని ఒక్కటీ తెగలేదు. అక్క నాలుగో కాగితం తీసి ఇచ్చింది.