వేప్పనపల్లి టీచరమ్మ పాఠం

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. తోటి ఉపాధ్యాయులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను తమిళనాడులోని హోసూరులో తెలుగు మీడియం పిల్లలకు సాంఘిక శాస్త్రం చెబుతాను. ఏటా కృష్ణగిరిలో మా సబ్జెక్టు టీచర్లకు శిక్షణ తరగతులు పెడతారు. వాటిలో ఇప్పుడు శిక్షణ ఇచ్చేది నేనే. ఒకే ఒక్క పాఠం నన్ను ఆ స్థానంలో కూర్చోబెట్టింది. ఆ పాఠం మునిరత్నమ్మ గారిది.

ఆవిడ ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లో, వేప్పనపల్లి పక్కన చిన్న బడిలో టీచరు. నాకంటే చాలా పెద్దది. ఒకరి తరగతి ఒకరు చూసి రమ్మని శిక్షణలో చెబితే, ఒకరోజు ఆవిడ బడికి వెళ్లాను. రాష్ట్రాల సరిహద్దులు ఆనాటి పాఠం. ఆవిడ పుస్తకం తెరవలేదు, పటం తగిలించలేదు. ఆరో తరగతి పిల్లల్ని మామిడితోపు చివర ఉన్న సరిహద్దు రాయి దగ్గరికి నడిపించింది. తోపులో పని చేస్తున్న ఒక అవ్వను పిల్లలే అడిగారు, ఇల్లు యాడ, ఓటు యాడ, కూతుర్ని యాడికిచ్చినావు అని. ఇల్లు తమిళనాడులో, కూతురు ఆంధ్రలో, కూలి రెండు వైపులా. అన్నీ రాసుకుని బడికి తిరిగొచ్చాకే ఆవిడ పటం విప్పింది. అందులోని సరిహద్దు గీతను పిల్లలు చూసిన చూపు నా తరగతిలో నేనెన్నడూ చూడలేదు.

వారం తిరక్కుండా కృష్ణగిరిలో నన్ను నమూనా పాఠం చెప్పమన్నారు. నా దగ్గర ఏమీ లేదు. ఆవిడ పాఠమే చెప్పాను. చివర్లో ఆవిడ పేరు చెబుదామనే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఇన్నేళ్ల తర్వాత నాకే నమ్మకం లేదు. చప్పట్లు కొట్టారు. "సొంతంగా తయారు చేశారా?" అని శిక్షణ చూడవచ్చిన విద్యాశాఖ అధికారి అడిగారు. తల ఊపాను. అంతే. నోటితో అబద్ధమాడలేదు కదా అని చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను.

దాన్ని శిక్షణ పుస్తకానికి రాసిమ్మన్నారు. తరగతి గదిలోనే అయిపోయేలా క్రమం మార్చాను. ముందు పటం, తర్వాత చర్చ, వీలైతే బయటికి. కింద నా పేరు అచ్చయింది.

మరుసటి ఏడాది బడుల తనిఖీకి వెళుతూ ఆ అధికారి నన్నూ వెంటబెట్టుకున్నారు. మేము వెళ్లేసరికి మునిరత్నమ్మ పిల్లలతో తోపు నుంచి తిరిగి వస్తోంది. ఆయన పుస్తకం తిరగేసి, పటం ముందు చూపించాలని ఇందులో ఉంది కదా, శిక్షణలో ఇచ్చింది చదువుకోరా అని పిల్లల ఎదుటే మందలించారు. "రాసిన సారే వచ్చారు, అడిగి నేర్చుకోండి" అన్నారు. ఆవిడ పుస్తకం అందుకుంది. నా పేరు చూసింది. నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

ఆయన సంతకాలకని లోపలికి వెళ్లాక వరండాలో అడిగింది.

"ఆ పొద్దు నువ్వు వచ్చినప్పుడు నేను ఇట్లే చేసినాను కదప్పా?"

"అవునమ్మా."

"మరి ఆయప్పకు ఆ మాట చెప్పకపోతివే."

"సమయం చూసి చెప్తానమ్మా."

"పేరు నీదే ఉండనీలేప్పా. పిల్లోళ్ల ముందర నాకు తెలీదని అనిపించకుండా ఉంటే చాలునే."

తిరిగి వెళుతూ జీపులో అధికారి, ఆవిడ ఏమడిగిందన్నారు. కొన్ని సందేహాలు, తీర్చాను అన్నాను. ఈసారి తల ఊపడం కాదు. నోటితోనే అన్నాను.

ఆ తర్వాత ఆవిడ పిల్లల్ని బయటికి తీసుకెళ్లలేదట. పుస్తకం చదివించి సరిపెట్టేదని ఆ బడి నుంచి వచ్చిన ఒక టీచరు చెప్పింది. ఆవిడ పదవీ విరమణ సభకు నాకూ పిలుపు వచ్చింది. పోలేదు.

శిక్షణ మానేద్దామా అంటే, ఎందుకని అడుగుతారు. ఏం చెప్పను? ఈ పాఠం ఆలోచన మీకెలా వచ్చింది సార్ అని కొత్త టీచర్లు అడుగుతారు. దానికొక జవాబు తయారు చేసుకున్నాను. అందులో చిన్నప్పుడు మా అవ్వ నన్ను సరిహద్దు దాటించి సంతకు తీసుకెళ్లేది. నిజానికి మా అవ్వ హోసూరు దాటి ఎక్కడికీ పోయింది లేదు. ఏడాదికొక మాట చేర్చి చేర్చి, ఇప్పుడు అవ్వ చీర రంగు కూడా చెబుతున్నాను.

వచ్చే వారం మళ్లీ శిక్షణ. వస్తానని చెప్పేశాను. హాల్లో నిజం చెబుతానా? మాటివ్వలేను. ఆవిడ క్షమించాలని అడగడమూ లేదు. క్షమించినా, ఆ బడిలో ఆ రాయిదాకా నడవకుండానే పైతరగతికి వెళ్లిపోయిన పిల్లలకు నేనేం జవాబివ్వగలను?

ఇది రాయడానికి కూర్చున్నప్పుడు మొదట ఆవిడకు వేరే పేరు పెట్టాను. తర్వాత కొట్టేసి అసలు పేరే రాశాను. ఆ పాఠం పక్కన మునిరత్నమ్మ అని నా చేత్తో రాయడం ఇదే మొదటిసారి. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడింది.