వినగడప మనిషి నిద్ర

వినగడప మనిషికి నిద్ర లేకుండా చేసింది శత్రువు కాదు, మంచూ కాదు. నేను.

డెబ్బై మూడు అక్టోబరులో లడాఖ్ పోస్టుకు చేరాం. చెట్టన్నది లేని రాతికొండ. ఇసుక బస్తాల బంకరు, మధ్యలో కిరోసిన్ పొయ్యి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. బూట్లు గడ్డకడతాయని పక్కలో పెట్టుకుని పడుకునేవాళ్లం. నాది తిరువూరు. మా రేడియో ఆపరేటర్‌ది ఆ దగ్గర్లోని పల్లె, వినగడప. నన్ను ‘అన్నా’ అనేవాడు.

అక్కడ పప్పు, పాలపొడితో పాటు సిగరెట్లూ రేషనే. తన వాటా నాకిచ్చి నా పాలపొడి తీసుకునేవాడు.

నవంబరులో కింది దారి మీద మంచుచరియ విరిగిపడింది. మనుషులెవరూ పోలేదు గానీ, ఆ చప్పుడు విన్న దగ్గర్నుంచి అతని చేతులు వణికేవి. మైకు నిలిచేది కాదు.

“సిగరెట్టే దీనికి మందు. ఇవ్వు,” అన్నాడు మా హవల్దారు నాతో హిందీలో.

ఏ డాక్టరు చెప్పాడయ్యా మందని? ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ ముట్టించి ఇచ్చింది నేనే.

“దగ్గొస్తంది అన్నా.”

“మొదట్లో అంతేలేరా. పీల్చు, గుండెదడ తగ్గిద్ది.”

తగ్గింది, సిగరెట్టు ఆరేదాకా. మళ్లీ దడ, మళ్లీ సిగరెట్టు. పడుకోబోతూ ఒకటి. ఇలా కన్నంటుకుందో లేదో లేచి కూర్చునేవాడు. “ఇంకోటియ్యి అన్నా, నిద్ర రావట్లా.” నాదీ అదే వరస. భయం వల్లే అనుకున్నాం.

జనవరిలో మంచుకు దారి మూసుకుపోయింది. సిగరెట్లు అయిపోయాయి. మొదట్లో ఒకరి మీద ఒకరం విరుచుకుపడ్డాం.

“నా బూటు ముట్టుకున్నావంటే చూడు!”

“నీ కంపు బూటు ఎవడిక్కావాలిరా?”

తర్వాత నిద్ర పట్టింది. అతను గురక కూడా పెట్టాడు. చేతులు కుదురుకున్నాయి. కొండ అదే, మంచు అదే, లేనిది పొగ ఒక్కటే. మీరంతా పెద్ద చదువులు చదివినవాళ్లు. నాది ఐదో తరగతి, ఆ పైన దొరికిన పుస్తకమల్లా నాకు బడి. ధైర్యానికని పీల్చేదే దడ పుట్టిస్తోందని నాకక్కడే అర్థమైంది.

దారి తెరిచారు. సిగరెట్లొచ్చాయి. నేను ఆగలేక ముట్టించాను. అతను ఎదురుగా ఊరికే కూర్చుంటే నేనొక్కణ్నే తాగడం సిగ్గనిపించింది. తెలిసి తెలిసి పెట్టె చాపాను. తీసుకున్నాడు.

ఇద్దరం ఊళ్లకు తిరిగొచ్చాం. నేను నానా తంటాలు పడి మానేశాను. డెబ్బై ఎనిమిదిలో ఒక మధ్యాహ్నం వినగడప వెళ్లాను. నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. వేళ్ల సందున సిగరెట్టు. అతని ఆ రూపం నన్నీనాటికీ వదల్లేదు.

“ఈయన పడుకోడు, మమ్మల్ని పడుకోనీడండి,” అంది అతని భార్య.

నేనతని పక్కన కూర్చున్నాను. “దారి తెరిచిన రోజు నేనా పెట్టె చాపకుండా ఉండాల్సిందిరా. పొగే నిద్ర చెడగొట్టిద్దని తెలిసే చాపాను,” అన్నాను.

అతను సిగరెట్టు బూడిద దులిపాడు. ఆ తర్వాత అన్నాడు:

“నాకూ తెలుసన్నా. వద్దందామనే అనుకున్నా. పెట్టె పట్టుకుని నువ్వట్టా నా మొహంలోకి చూస్తంటే, నిన్నొక్కణ్నే తాగమని ఎట్టా అనను?”